కాశయ్య రింగూ సన్న చాపా

"తల లోపల దెబ్బ తగిలితే బయటికేమీ కనబడదంట. బొప్పి కూడా కట్టదంట. మరి మనకెలా తెలుస్తుంది?"

పెనం మీద చేపముక్కలు తిరగేస్తున్న సమ్మక్క వెనక్కి కూడా చూడలేదు. మూడు రోజులుగా ఆమె వింటున్నది ఇదే మాట. "ముందు ఆ ఫోను కింద పెట్టు. లోపల దెబ్బ నీ తలకే తగిలినట్టుంది" అంది.

అడిగినాయన ఆమె మొగుడు, వెంకటనారాయణ. విజయనగరం నుంచి వచ్చి కిరండూల్ ఇనుప గనిలో ల్యాబ్ కెమిస్టుగా పన్నెండేళ్లయింది. సమ్మక్కది భద్రాచలం పక్క పల్లె. వాళ్లకు ఒక్కతే కూతురు, పదకొండేళ్లు, ముప్పైనాలుగు కిలోలు. ఇక్కడే పుట్టిందని ఇక్కడి అమ్మవారి పేరే పెట్టుకున్నారు, దంతేశ్వరి అని. ఇంట్లో ఈశ్వరి. ఆ పిల్ల పుట్టిన రోజు నుంచీ వెంకటనారాయణకు భయాలు ఒకదాని తర్వాత ఒకటి వరస కట్టాయి. మంచినీళ్లలో ఇనుము ఎంతుందో ల్యాబులో పరీక్ష చేసుకున్నాడు. దోమతెర కన్నాలు లెక్కపెట్టాడు. ఇప్పుడు వచ్చింది మాత్రం అన్నిటికంటే పెద్దది.

దానికి మూలం ఒక కాగితం.

సెప్టెంబరు పదిహేడున విశ్వకర్మ పూజ. ఏడాదికి ఆ ఒక్క రోజు గని గేట్లు అందరికీ తెరుస్తారు. కొండ మీద డంపర్లకూ, ఖనిజం తవ్వే షావెళ్లకూ బంతిపూల దండలు వేసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయలు కొట్టి వాటికి సెలవిస్తారు. చుట్టుపక్కల ఊళ్ల జనం పిల్లలను భుజానేసుకుని వచ్చి, ఇంటంత చక్రాల పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. సాయంత్రం అందరూ కిందికి దిగాక మైదానంలో ఆటలు. నలభై ఏళ్లుగా ఆ ఆటల్లో చివరిదీ, పెద్దదీ బాక్సింగే. ఈ ఏడు మాత్రం పూజ కమిటీ వాళ్లు ఇంటింటికీ కాగితం పంచారు. మైదానంలో బాక్సింగ్ రింగు వేయాలా, లేక ఎమ్మెమ్మే చాప పరవాలా? పిల్లల పేర్లు ఎటు ఎక్కువొస్తే మైదానం వాళ్లది. ఎమ్మెమ్మే అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ అన్నీ కలిసిన ఆట. కిరండూల్లో పాలప్యాకెట్లు వేసే ఆయనకు కూడా ఇప్పుడు ఆ మాట తెలుసు.

ఈశ్వరి పేరూ బరువూ తనే రాసేసి, ఆట అన్న చోట ఖాళీ వదిలి కాగితాన్ని తండ్రి చేతిలో పెట్టింది. "నాకు రెండూ ఇష్టమే నాన్నా. నీకు ఏదంటే భయం లేదో అది రాసి సంతకం పెట్టు" అంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయనకు రెండూ భయమే.

*

ఏడాదిన్నరగా ఈశ్వరి నేర్చుకుంటున్నది బాక్సింగు. నేర్పేది కాశయ్య.

కాశయ్యది కొంటా దగ్గర గొల్లపల్లి. వ్యవసాయం ఇల్లు. పందొమ్మిదేళ్ల వయసులో అన్నతో పొలం గట్టు దగ్గర మాటామాటా వచ్చి, చెప్పులైనా వేసుకోకుండా కొంటాకు నడిచొచ్చి సుక్మా బస్సెక్కాడు. అక్కడినుంచి లారీ మీద దంతెవాడ, దంతెవాడ నుంచి కిరండూల్. గనిలో మొదట డంపర్లు కడిగే పని. తర్వాత హెల్పరు, ఆ తర్వాత డ్రైవరు. ముప్పైయెనిమిదేళ్లు ఎర్రమట్టి కొండను ముక్కలు ముక్కలుగా కిందికి మోసి, అరవై నిండాక దిగాడు. ఎంత తోముకున్నా ఆ ఎరుపు గోళ్ల సందుల్లోంచి మాత్రం పోలేదు.

బాక్సింగు ఆయనకు ఫౌజులోంచి వచ్చిన ఒక వెల్డరు నేర్పాడు. ఆ రోజుల్లో వర్క్‌షాపు వెనక వాడేసిన కన్వేయరు బెల్టు ముక్కలు పరిచి, కింద వరిగడ్డి వేసి, నాలుగు పైపులు పాతి, క్రేను తాళ్లు కట్టి రింగు చేసుకున్నారు. ఎండాకాలంలో ఆ రబ్బరు కాలికి అంటుకునేది. అయినా సరే, విశ్వకర్మ పూజనాడు జనం చెట్లెక్కి, లారీల మీదెక్కి చూసేవాళ్లు. గుద్దు తగిలినవాడి కంటే చూసేవాడి గొంతే ముందు పోయేది. ఒలింపిక్స్‌లో మనవాళ్లకు బాక్సింగు పతకం వచ్చిన ఏడు కాశయ్య ఆట నేర్పే రేకుల షెడ్డులో నలభైయిద్దరు పిల్లలు. గ్లవ్స్ చాలక ఒకడు కుడిది, ఒకడు ఎడమది తొడుక్కునేవాళ్లు. అప్పుడు కాశయ్యను కాంటీన్లో టీ కొనుక్కోనిచ్చేవాళ్లు కాదు, తాగించేవాళ్లే అందరూ.

ఇప్పుడు ఆరుగురు.

మిగతావాళ్లంతా పాత కమ్యూనిటీ హాల్లో సన్న దగ్గరికి పోయారు. ఈ సన్న ఎవరో కాదు, ఆ నలభైయిద్దరిలో ఒకడే. జగదల్‌పూర్ పోయి నాలుగేళ్లు ఎమ్మెమ్మే నేర్చుకుని, చెవులు గోబీపువ్వులా ముడుచుకుపోయి తిరిగొచ్చాడు. నీలం చాపలు పరిచి, గోడకు అద్దం పెట్టి, స్పీకరు కట్టాడు. పిల్లలు ఫోన్లలో చూసేది కూడా అదే. సన్న ఎదురైతే కాశయ్య కాళ్లకు దండం పెడతాడు, దండం పెట్టి లేస్తూ లేస్తూనే ఒక చురక వేస్తాడు. గురూజీ ఆటలో కాళ్లకు సెలవంటాడు. కాశయ్య కూడా ఊరుకోడు. తన ఆటలో పడుకున్నోణ్ణి కొట్టరనీ, సన్న ఆట మొదలయ్యేదే పడుకున్నాకనీ అంటాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. పేర్లు మాత్రం సన్న దగ్గర పందొమ్మిది, కాశయ్య దగ్గర అయిదు. ఆరోది ఆట పేరు రాయని ఈశ్వరి కాగితం.

*

వెంకటనారాయణ చదువుకున్నవాడు కాబట్టి భయాన్ని కూడా పద్ధతిగానే పట్టుకున్నాడు. ఫోన్లో ఒక పట్టిక గీసుకున్నాడు. ఎడమవైపు బాక్సింగు, కుడివైపు ఎమ్మెమ్మే. పరిశోధన పత్రాలు వెతికి చదివాడు. ఎమ్మెమ్మేలో మొత్తం మీద దెబ్బలెక్కువ అని ఒకచోట ఉంది. బాగుంది, బాక్సింగ్ అని రాయబోయాడు. కింద వాక్యంలో, స్పృహ తప్పేది మాత్రం బాక్సింగులోనే ఎక్కువ అని ఉంది. ఇంకో పత్రం ఆ రెండిటినీ కాదంది. పైగా ఆ లెక్కలన్నీ డబ్బు కోసం కొట్టుకునే పెద్దవాళ్లవి. అందులో ముప్పైనాలుగు కిలోల ఆడపిల్ల ఒక్కతీ లేదు. ల్యాబులో ఆయన పనే శాంపిలు తీయడం. కొండలో ఒకచోట తీసిన రాయిని చూసి ఇంకోచోటి రాయి గురించి చెప్పకూడదని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది ఆయనే. ఆ పాఠమే ఇప్పుడు తనకు అడ్డం వచ్చింది.

సన్నను అడిగాడు. చిన్నపిల్లలకు తల మీద గుద్దులే ఉండవనీ, పట్లూ విసుర్లేననీ సన్న ఓపిగ్గా చెప్పాడు. విసిరినప్పుడు తల చాపకు తగిలితే? గడ్డం లోపలికి పెట్టి పడడమే మొదటి నెలంతా నేర్పుతామన్నాడు. రెండో నెలలో మరిచిపోతే? సన్న చెవి గోక్కున్నాడు.

కాశయ్యను అడిగాడు. ఆ సాయంత్రం వాన. షెడ్డు రేకుల మీద చప్పుడుకు మాట వినబడడం లేదు. కాశయ్య మూల స్టూలు మీద కూచుని ఫోన్లో ఏదో చూస్తున్నాడు. దగ్గరికి పోయి చూస్తే ఎమ్మెమ్మే. ఒకడు ఇంకొకడి ఛాతీ మీదెక్కి గుద్దుతున్నాడు.

"మీరు కూడానా కాశయ్య గారూ?"

"ఏం జెయ్యాలె సారూ. పడ్డోణ్ణి కొట్టుడు తప్పుగదా అనిపిస్తది. మళ్ల చూడబుద్ధైతది. ఏందో, నాకే సమజైతలేదు."

ఏ ఆటకు సంతకం పెట్టమంటారని వెంకటనారాయణ సూటిగానే అడిగాడు. పెద్దాయన తన ఆటనే వెనకేసుకొస్తాడు, తను దాన్లోంచి కొంత తీసేసి మిగతాది నమ్మొచ్చు అనుకున్నాడు. కాశయ్య అట్లా చేయలేదు. పద్నాలుగు నిండనోళ్లకు తన దగ్గర తలకు గుద్దే ఆట లేదన్నాడు, అది నిజమే. కానీ సన్న ఆటలో ఒక మంచి సంగతుందన్నాడు. ఓర్చుకోలేకపోతే పిల్ల అరచేత్తో చాప మీద రెండుసార్లు తడుతుంది, అంతే, ఆట అయిపోయినట్టు. ఎవరూ చిన్నచూపు చూడరు. బాక్సింగులో ఆ చేతి సైగ లేదు. పడితే ఎనిమిది లెక్కపెడతారు, లేస్తే మళ్లీ కొడతారు. లేచినోణ్ణే మొగోడంటారు.

"మరి సన్న దగ్గరికే పంపమంటారా?"

"నేను గట్లన్ననా? గాడ మెడ పడతరు. మెడ పట్టుడు నాకు మంచిగనిపియ్యదు."

వెంకటనారాయణ తడిసి ఇంటికొచ్చాడు. పట్టికలో ఏమీ రాయలేదు. ఉన్నదాంట్లోనే రెండు వరసలు కొట్టేశాడు.

తన ఆటకు పేరివ్వమని కాశయ్య ఒక్కసారి కూడా అడగలేదు. అది ఇంకా తికమక పెట్టింది. అడిగితే కాదనడమైనా తేలిక.

*

ఆలోచించి ఆలోచించి ఆయన మూడో దారి కనిపెట్టాడు. పిల్లకు ఎదురుగా మనిషి ఉంటేనే కదా ప్రమాదం. గుద్దడానికి మంచి బ్యాగు ఒకటి ఉంటే దాన్నే కొట్టుకుంటుంది, దాంతోనే సరదా తీరిపోతుంది, పోటీ ఊసెత్తదు. కాగితాన్ని గడువు దాకా అట్లాగే నాననివ్వొచ్చు.

షెడ్డులో దూలానికి వేలాడే బ్యాగు టార్పాలిన్ గుడ్డతో కుట్టింది. లోపల కార్మికుల పాత యూనిఫారాల పేలికలు. వానకు రేకు కారి అవన్నీ నాని కంపు కొడుతున్నాయి. ఒకరోజు వెంకటనారాయణ తనే బాగుచేస్తానన్నాడు. కాశయ్య సంతోషించి, ఎండిన యూనిఫారాలు వర్క్‌షాపు నుంచి తెస్తాననీ, రెండు రోజులు ఆగమనీ చెప్పాడు. వెంకటనారాయణ ఆగలేదు.

ల్యాబులో కావలసినంత సరుకుంది. కొండ నుంచి వచ్చిన ఖనిజాన్ని నలగ్గొట్టి, కుప్ప పోసి, చదును చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని మిగతా రెండూ పారేస్తారు. పారేసేవాటిలో బ్లూ డస్ట్ కూడా ఉంటుంది. నల్లగా, నీలంగా మెరిసే ఇనుపపొడి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంటుంది. దోసిలి పడితే మాత్రం చెయ్యి కిందికి దిగుతుంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లలో కట్టి, చుట్టూ పేలికలు చుట్టి, బ్యాగు నడుమ కూరాడు. పైనుంచి నొక్కితే మెత్తగానే ఉంది. అంత బరువు వేలాడితే ఏమన్నా అవుతుందా అన్నది కూడా ఆలోచించాడు, ఆలోచించకుండా ఆయన ఏ పనీ చేయడు. లోలకం ఊగే సమయం తాడు పొడవు మీద ఆధారపడుతుంది, బరువు మీద కాదు. తాడు అదే. కాబట్టి బ్యాగు ముందు ఎట్లా ఊగిందో ఇప్పుడూ అట్లాగే ఊగుతుంది. పదో తరగతి పాఠం. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు సాయంత్రం కాశయ్య లేడు. మైదానం సంగతి మాట్లాడదామని పూజ కమిటీ పిలిస్తే పోయాడు. పిల్లలు అయిదుగురు తాడు గెంతుతున్నారు. బ్యాగును ఊపితే దాన్ని తప్పించుకోవడం కాశయ్య నేర్పే ఆటల్లో ఒకటి. ఆయన అరచేత్తో నెడతాడు, పిల్ల మోకాళ్లు వంచి పక్కకు తప్పుకుంటుంది. తగిలినా పేలికల మూట, తగిలినట్టే ఉండదు. పిల్లలు కావాలనే తగిలించుకుని కిందపడి నవ్వుతారు. ఈశ్వరి ఆ ఆట కావాలంది. కాశయ్య తాత లేడు కదా, నువ్వే నెట్టు నాన్నా అంది.

ఆయనే నెట్టాడు.

మొదటిసారి తప్పుకుంది. రెండోసారీ తప్పుకుంది. వెంకటనారాయణ గడియారం చూస్తూ ఊగే సమయం లెక్కపెడుతున్నాడు. సరిగ్గా ముందున్నంతే. లెక్క తప్పలేదని లోపల్లోపల మురిసిపోయాడు కూడా. మూడోసారి కొంచెం గట్టిగా నెట్టాడు. అప్పుడే వెనకనుంచి జోగి అనే పిల్ల, నా తాడు ఎవరు తీశారని అడిగింది. ఈశ్వరి అటు తిరిగి, నేను కాదు అనబోయింది. బ్యాగు వచ్చి ఎడమ కణత మీద తగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తలుపు మూసుకున్నట్టు ఒక్క మాటు అంతే. ముప్పైనాలుగు కిలోల పిల్ల నిలబడ్డది నిలబడ్డట్టే పక్కకు ఒరిగిపోయింది.

ఆయన ఎత్తుకునేలోపే కళ్లు తెరిచింది. బాగానే ఉన్నానంది. లేచి నిలబడింది. మంచినీళ్లడిగి తాగింది. బొప్పి లేదు, రక్తం లేదు. హమ్మయ్య అనుకున్నాడు. అప్పుడు ఈశ్వరి అడిగింది.

"నాన్నా, ఇవాళ నేను బడికి పోయానా?"

పోయావమ్మా అన్నాడు. సరే అంది. మోటారుసైకిలు మీద ఆస్పత్రికి తీసుకుపోతుంటే రెండోసారి అడిగింది, అదే గొంతుతో, అవే మాటలతో. ఆస్పత్రి మెట్ల దగ్గర మూడోసారి. కబురు విని సమ్మక్క పరిగెత్తుకుంటూ వచ్చి పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది. మొగుడివైపు ఒక్కసారి చూసింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

డాక్టరు కంటిలో లైటు వేసి చూశాడు, చేతులూ కాళ్లూ కదిపించాడు. మెదడు కుదుపుకు లోనైందనీ, వాంతులు లేవు కాబట్టి భయపడవద్దనీ, రేపటిదాకా ఇక్కడే ఉంచి చూద్దామనీ చెప్పాడు.

*

తెల్లవారాక ఈశ్వరి ఇడ్లీ కావాలంది. బడి గుర్తొచ్చింది, లెక్కల టీచరు వేసుకొచ్చిన ఆకుపచ్చ చీర గుర్తొచ్చింది. మధ్యాహ్నం మూడు తర్వాత మాత్రం ఖాళీ. బ్యాగూ గుర్తులేదు, నాన్న నెట్టడమూ గుర్తులేదు.

కాశయ్య ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. పిల్ల తల నిమిరి, వరండాలో బల్ల మీద వెంకటనారాయణ పక్కన కూచుని టీ పోశాడు. వెంకటనారాయణ గ్లాసు అందుకోలేదు.

"నేనే కాశయ్య గారూ. బ్లూ డస్ట్ పోశాను."

"ఎర్కే. పొద్దుగాల్నే పోయి బ్యాగు ఎత్తి చూసిన. నా నడుం పట్టుకున్నది."

"మీరు పేలికలే వేయమన్నారు."

"టీ తాగు సారూ. ఎనబై నాలుగుల మేమూ పోసినం, గా పొడే. బరువుంటె గుద్దుకు బలమొస్తదనుకున్నం. ఒకని మణికట్టు ఇరిగింది. ఈ కొండ కింద బతికేటోళ్లు ఒక్కపారన్న చేసే పనే ఇది. సముద్రం కాడోళ్లైతె ఇసుక పోద్దురు."

వెంకటనారాయణకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. బాక్సింగు వల్లా కాదు, ఎమ్మెమ్మే వల్లా కాదు, పిల్ల తలకు తగిలిన మొదటి దెబ్బ తన చేత్తోనే తగిలిందనీ, పట్టికలో దీన్ని ఏ వైపు రాయాలో తెలియడం లేదనీ చెప్పాడు. లోపల దెబ్బ బయటికి కనబడదనే కదా తను భయపడింది అన్నాడు. ఇప్పుడు పిల్ల అడిగింది కాబట్టి తెలిసింది, అడగకపోయి ఉంటే మంచినీళ్లు తాగించి ఇంటికి తీసుకుపోయేవాడు. మర్నాడు తాడు గెంతనిచ్చేవాడు కూడా.

కాశయ్య తన గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత తన కథ చెప్పాడు.

ఎనభై ఆరు విశ్వకర్మ పూజకు వాళ్లమ్మ వెంకమ్మ గొల్లపల్లి నుంచి వచ్చింది. కొడుకు ఇల్లు విడిచి ఏడేళ్లు. అంతదాకా ఒక్కసారీ రాలేదు. కొంటాదాకా నడిచి, సుక్మాలో ఒక రాత్రి తెలిసినవాళ్లింట్లో పడుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. సాయంత్రం రింగు పక్కనే నేల మీద కూచుని ఆట చూసింది. మూడో రౌండులో కాశయ్యకు చెవి మీద గుద్దు పడింది. ఎనిమిది లెక్కపెట్టేలోపు లేచాడు. లేచి ఎదుటివాణ్ణి పడగొట్టి గెలిచాడు. భుజాలమీదెత్తుకుని క్వార్టరు దాకా ఊరేగించారు. ఇదంతా వాళ్లూ వీళ్లూ చెప్పగా తెలిసిందే. ఆయనకు రెండో రౌండు గంట దాకే గుర్తు.

"ఆ పొద్దు మాయమ్మ నా పక్కన కూసోని చానాసేపు మాట్లాడిందంట సారూ. నేను నవ్విన్నంట, అన్నం తిన్నంట, ఊఁ కొట్టిన్నంట. పక్కింటామె చూసింది. తెల్లారి బస్సెక్కించిన. బస్సు ఎనక భాగం పోవుడొక్కటి యాదికున్నది. ఎండాకాలం రాకముందే సచ్చిపోయింది. ఏడేండ్ల మాటలు మూట గట్టుకోని వచ్చింది గదా, ఏం జెప్పిందో నాకెర్కలే. మా అన్న సంగతి చెప్పిందో, పొలం సంగతో, నన్ను తిట్టిందో. పక్కింటామెకు మా భాష సగమే వచ్చు. తమ్ముడు అన్న మాట ఒక్కటి ఇన్న అన్నది. నాకు తమ్ముడే లేడు."

అంత చెప్పి, మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఆ మర్నాడు పొద్దున షిఫ్టుకు పోయి, కొండ అంచున డంపరు నడిపాడట. ఎవరూ వద్దనలేదు. గెలిచినవాడికి ఏమయ్యుంటుందని ఎవరడుగుతారు?

*

ఈశ్వరి ఆస్పత్రిలో ఉండగానే కాగితం గడువు దాటిపోయింది. మైదానం సన్నకే దక్కింది. విశ్వకర్మ పూజనాడు నీలం చాపలు పరిచారు, స్పీకర్లు కట్టారు, జనం బాగా వచ్చారు. కాశయ్య గ్లవ్స్‌కు బొట్లు పెట్టి, వర్క్‌షాపులో రెంచీల పక్కన పూజలో ఉంచి, వచ్చి ముందు వరసలో కూచున్నాడు. సన్న దగ్గర నేర్చుకునే పిల్లవాడొకడు ఓర్చుకోలేక చాప తడితే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. తర్వాత పక్కనున్నాయనతో, ఆ మెడ పట్టుడే బాలేదని గొణిగాడు.

ఈశ్వరి నెలన్నర ఆటలకు దూరంగా ఉంది. డాక్టరు సరేనన్నాక మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు వారంలో మూడు రోజులు షెడ్డుకు, రెండు రోజులు హాలుకు పోతుంది. ఏది మంచిదో వెంకటనారాయణ తేల్చుకోలేదు. కొత్త పత్రం కనబడితే చదువుతాడు, చదివాక ఇంకొంచెం తికమక పడతాడు. సమ్మక్క ఫోను లాక్కుంటుంది. షెడ్డుకు ఇంకో ఇద్దరు పిల్లలు కొత్తగా వచ్చారని కాశయ్య ఒకరోజు చెప్పాడు, ఎందుకొచ్చారో తనకూ తెలియదన్నాడు.

కానీ రోజూ సాయంత్రం, పిల్ల ఏ ఆట ఆడి వచ్చినా, చెప్పులు విప్పకముందే గుమ్మంలో కూచోబెట్టి ఆయన ఒక పని చేస్తాడు. ఈశ్వరి మొదట్లో విసుక్కునేది, ఇప్పుడు అలవాటై తనే మొదలుపెడుతుంది. ఆ పని కాశయ్య ఆ పొద్దున వరండాలో ఖాళీ గ్లాసులు కడిగి ఫ్లాస్కుకు మూత పెడుతూ చెప్పింది.

"గెలిచినవా ఓడినవా అని అడగకు సారూ. దెబ్బ తాకిందా అని గూడ అడగకు, తాకలే అంటరు పిల్లలు. పొద్దుగాల లేచిన కాడికెల్లి ఏమేమైందో వరస తోటి చెప్పమను. ఏం కూర తిన్నది, ఎవరు నవ్వించిన్రు, దారిల ఏం చూసింది, అన్నీ. నువ్వు నడుమ అందియ్యకు, ఊకె కూసోని ఇను. యాడన్న ఒక్క ముక్క తెగిందనుకో, అది ఏ ఆటైనా సరే, తెల్లారి పంపకు."